అద్దె తగాదాల్లో సాక్షులు: మధ్యవర్తిత్వం నుంచి కోర్టు బోను దాకా తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటి యజమానికీ అద్దెదారుకూ మాట చెడ్డాక ఇద్దరూ అడిగేవి దాదాపు ఒకే ప్రశ్నలు. ‘మా పక్కింటాయన అంతా చూశాడు, ఇంకేం కావాలి?’ అన్నది అందులో మొదటిది. ఆయన ఏం చూశాడు, ఎప్పుడు చూశాడు, దాన్ని ఎవరి ముందు చెప్పబోతున్నాడు అన్నవి ఎవరూ ఆలోచించరు. కేసులు తేలేది మాత్రం వాటి మీదే. అందుకే మళ్లీ మళ్లీ వచ్చే సందేహాలను దశల వారీగా పెట్టాం. మీకు కావలసిన ప్రశ్న ఒక్కటే చదువుకున్నా సరిపోతుంది.

## గొడవ మొదలైనప్పుడు

అద్దె నగదుగా ఇచ్చాను, రసీదు లేదు. పక్కింటివాళ్ల మాట చెల్లుతుందా?

డబ్బు చేతులు మారడం వాళ్లు కళ్లారా చూస్తే చెల్లుతుంది. ‘ప్రతి నెలా ఇస్తున్నానని ఆయనే నాతో అనేవాడు’ అని చెప్పే మనిషి దగ్గర ఉన్నది మీ మాటే తప్ప ఆయన చూసినది కాదు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోని 55వ సెక్షన్ ప్రకారం చూసిన విషయాన్ని చూసినవాళ్లే, విన్న విషయాన్ని విన్నవాళ్లే చెప్పాలి. పాత 1872 చట్టంలోనూ ఇదే నియమం ఉండేది.

చూసిన సాక్షి ఉన్నా ఒంటరిగా నిలబెట్టకండి. అదే రోజు మీ ఖాతాలోంచి అంతే మొత్తం తీసినట్టు బ్యాంకు పాస్‌బుక్కులో ఉంటే ఆ సాక్షి మాటకు బలం వస్తుంది. తెలంగాణలో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం కిందికి వచ్చే ఇళ్లకు రసీదు అడగడం అద్దెదారు హక్కు. యజమాని అద్దె తీసుకోనంటే బ్యాంకు ఖాతా చెప్పమని అడగడం, చెప్పకపోతే మనియార్డరు పంపడం, అదీ తిప్పికొడితే రెంట్ కంట్రోలర్ (ఆ చట్టం కింద అద్దె తగాదాలు విచారించే అధికారి) దగ్గర జమ చేయడం అనే వరుస ఆ చట్టంలోనే ఉంది. తిరిగి వచ్చిన మనియార్డరు కాగితం నలుగురు సాక్షుల కన్నా గట్టిగా మాట్లాడుతుంది.

ఎంతమంది సాక్షులు ఉంటే కేసు నిలబడుతుంది?

సంఖ్య లేదు. ఏ విషయాన్ని నిరూపించడానికైనా ఇంతమంది సాక్షులు ఉండి తీరాలని లేదని అధినియమం 139వ సెక్షన్ సూటిగా చెబుతోంది. నిజానికి ఎక్కువ మందిని పిలవడం వల్ల నష్టమే ఎక్కువ. ఒకరు ఉదయం అంటారు, ఇంకొకరు సాయంత్రం అంటారు, అవతలి వకీలుకు పని సులువవుతుంది. ఒక్కో అంశానికి ఒక్క మంచి సాక్షిని ఎంచుకోండి.

మా ఆవిడ, మా అన్నయ్య చెబితే ‘వాళ్లు నీ మనుషులే కదా’ అని కొట్టేస్తారా?

బంధువు అన్న ఒక్క కారణంతో సాక్ష్యాన్ని పక్కన పెట్టరు. సివిల్ వివాదంలో పార్టీలూ, వారి భార్య లేదా భర్త కూడా సాక్ష్యం చెప్పడానికి అర్హులే. ఇంట్లో జరిగిన వాటికి ఇంట్లోవాళ్లు కాక ఇంకెవరు సాక్షులు ఉంటారు? మీరు ఆఫీసులో ఉన్నప్పుడు యజమాని వచ్చి సామాను బయట పెట్టమని బెదిరిస్తే, తలుపు తీసిన మీ భార్యే అసలైన సాక్షి.

న్యాయాధికారి చూసేది వేరు. ఆ మనిషి అక్కడ ఉండే అవకాశం ఉందా, చెప్పేది కాగితాలతో పొసగుతోందా, మీకు ఇబ్బంది కలిగించే నిజాన్ని కూడా ఒప్పుకుంటున్నారా అన్నవి. ‘అవును, రెండు నెలలు అద్దె ఆలస్యమైంది’ అని ఒప్పుకున్న భార్య మాట మిగతా విషయాల్లోనూ నమ్మాలనిపిస్తుంది. చిన్నపిల్లలను మాత్రం లాగకండి. ప్రశ్న అర్థం చేసుకుని జవాబు చెప్పగలిగితే చాలు, సాక్షికి కనీస వయసు లేదు. అయినా ఇంటి అద్దె కోసం పిల్లవాణ్ని బోనెక్కించడం నా దృష్టిలో సరైన పని కాదు.

వాచ్‌మన్‌కు అన్నీ తెలుసు. కానీ అతనికి జీతమిచ్చేది యజమాని. ఏం చేయాలి?

అతని ఉద్యోగం పోయే ప్రమాదాన్ని ముందు మీరు గుర్తించాలి. సమన్లు పంపించి రప్పించవచ్చు గానీ, మీరు పిలిచిన సాక్షి యజమాని మొహం చూసి మాట మార్చితే దెబ్బ మీకే. అతను చెప్పగలిగినదే ఇంకో చోట దొరుకుతుందేమో చూడండి. గేటు దగ్గరి రిజిస్టరు, సీసీ కెమెరా, అపార్టుమెంటు సంఘం కార్యదర్శి, రోజూ పాలు పోసే మనిషి. వీళ్లెవరికీ యజమానితో జీతం లెక్క లేదు.

అగ్రిమెంటు రిజిస్టర్ కాలేదు. షరతులను సాక్షితో చెప్పించవచ్చా?

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. రిజిస్టర్ కావలసిన అద్దె ఒప్పందం రిజిస్టర్ కాకపోతే అందులోని షరతులకు ఆ కాగితం రుజువు కాదు. మీరు ఆ ఇంట్లో ఏ హోదాలో ఉన్నారన్నటువంటి అనుబంధ విషయాలకు మాత్రమే చూస్తారు. స్టాంపు సుంకం తక్కువైతే, సుంకమూ జరిమానా కట్టేదాకా దాని వైపే చూడరు. జరిమానా లోటుకు 10 రెట్ల దాకా ఉండవచ్చు.

పోనీ, సంతకం చేసిన సాక్షిని పిలిచి షరతులు నోటితో చెప్పిద్దామంటే, రాతలో పెట్టుకున్న ఒప్పందాన్ని నోటిమాటతో మార్చడానికీ చేర్చడానికీ సాధారణంగా వీల్లేదు. సాక్షులు పనికివచ్చేది రాత తర్వాత జరిగిన వాటికే: అద్దె ఎప్పటి నుంచి ఇచ్చారు, ఇల్లు ఎవరి చేతిలో ఉంది, అడ్వాన్సు ఎవరి ముందు ఇచ్చారు.

ఏ గొడవకు ఎవరు మంచి సాక్షి?

విషయాన్ని బట్టి మనిషి మారతాడు. ‘సొంత అవసరం’ కారణంగా ఖాళీ చేయమని యజమాని అడుగుతుంటే, ఎవరి అవసరమో వాళ్లే రావాలి. కొడుకు క్లినిక్ పెట్టుకుంటాడని తండ్రి ఎంత చెప్పినా, కొడుకు వచ్చి తన చదువు, ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నాడు, ఈ ఇల్లే ఎందుకు అన్నవి చెబితే వచ్చే బలం రాదు. కొడుకు రాకపోతే ఎందుకు రాలేదన్న ప్రశ్న ఆఖరి దాకా వెంటాడుతుంది.

అడ్వాన్సు కోత గొడవల్లో గోడలు పాడయ్యాయా లేదా అన్నదే ప్రధానం. చేరేటప్పుడు రంగులు వేసిన పెయింటరు, ఖాళీ చేసిన రోజు సామాను మోసిన మనిషి, తర్వాత వచ్చిన అద్దెదారు: ఈ ముగ్గురిలో ఎవరైనా ఇల్లు ఏ స్థితిలో ఉందో తటస్థంగా చెప్పగలరు. ఇంటి ఫొటోలు తీసిన మనిషిని మరిచిపోకండి. తేదీ గుర్తున్న ఫొటోగ్రాఫరు దొరికితే సగం వాదన తగ్గుతుంది.

ఇంకొకరికి అద్దెకిచ్చారన్న ఆరోపణకు పక్క వాటాలోవాళ్లు, కరెంటు బిల్లు ఎవరు కడుతున్నారో తెలిసినవాళ్లు. నోటీసు అందలేదన్న వాదనకు పోస్ట్‌మన్‌ను పిలవాలని చాలామంది ఆరాటపడతారు. రిజిస్టర్డ్ పోస్టు (2025లో ఇది స్పీడ్ పోస్టులో కలిసింది) రసీదు, సరైన చిరునామా ఉంటే తరచూ ఆ అవసరమే రాదు.

బలవంతంగా తాళం వేసి బయటికి నెట్టేస్తే సాక్షుల కోసం నెలలు వెతక్కండి. నిర్దిష్ట ఉపశమన చట్టం 6వ సెక్షన్ కింద స్వాధీనం తిరిగి కోరే దావా 6 నెలల్లోపే వేయాలి. ఆ రోజు గుమిగూడినవాళ్లలో ఇద్దరి పేర్లు, ఫోను నంబర్లు అప్పటికప్పుడే రాసుకోండి.

## మధ్యవర్తి ముందు

మధ్యవర్తిత్వానికి సాక్షిని వెంట తీసుకెళ్లవచ్చా?

అవతలివాళ్లూ మధ్యవర్తీ ఒప్పుకుంటే తీసుకెళ్లవచ్చు. కానీ అక్కడ ప్రమాణం లేదు, క్రాస్ ఎగ్జామినేషన్ (సాక్షికి అవతలి వకీలు వేసే ఎదురు ప్రశ్నలు) లేదు, మధ్యవర్తి తీర్పు చెప్పడు. సాక్షిని సమన్లతో రప్పించే అధికారమూ ఆయనకు లేదు. కాబట్టి అక్కడ సాక్షి పని రుజువు చేయడం కాదు, ‘ఇది కోర్టుకు వెళ్తే నాకు ఎదురుగాలే’ అని అవతలి మనిషికి అర్థమయ్యేలా చేయడం.

దానికి మనిషినే తీసుకెళ్లాల్సిన పని లేదు. ప్లంబరు తాను చూసిన లీకు గురించి తేదీతో అర పేజీ రాసిస్తే, మధ్యవర్తి మీతో విడిగా మాట్లాడేటప్పుడు చూపించండి. దాన్ని అవతలివాళ్లకు చూపించాలో వద్దో ఆయనకు చెప్పండి. మీ అనుమతి లేకుండా ఆయన చూపించకూడదు. సాక్షి యజమాని కిందే పనిచేస్తుంటే పేరు బయటపెట్టే ముందు రెండుసార్లు ఆలోచించండి.

మధ్యవర్తిత్వంలో ఆయన బాకీ ఒప్పుకున్నాడు. అది విన్న మా తమ్ముడితో కోర్టులో చెప్పించవచ్చా?

చెప్పించకూడదు. మధ్యవర్తిత్వంలో జరిగిన సంభాషణ గోప్యం. ఒప్పందం కుదిరితే ఆ ఒప్పందాన్ని, కుదరకపోతే కుదరలేదన్న ఒక్క ముక్కను మాత్రమే మధ్యవర్తి కోర్టుకు పంపాలని 2010 డిసెంబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మధ్యవర్తినే సాక్షిగా పిలవాలనుకునేవాళ్లూ ఉన్నారు. అదీ కుదరదు.

అలాగని అసలు బాకీ గోప్యమైపోదు. అదే బాకీని బ్యాంకు లావాదేవీతోనో, బయట చూసిన సాక్షితోనో నిరూపించుకోవచ్చు. గోప్యత ఆ గదిలో మాట్లాడిన మాటలకే, ఆ గదికి ముందే ఉన్న వాస్తవాలకు కాదు.

కాలనీ పెద్దల ముందు పంచాయితీ జరిగింది. ఆ పెద్దలు సాక్షులవుతారా?

అవుతారు, ఒక షరతు మీద. అవతలి పార్టీ తన నోటితో ఒప్పుకున్న మాటను విన్నవాళ్లు చెబితే అది వినికిడి సాక్ష్యమని తోసిపుచ్చరు. కానీ ‘ఇక్కడ మాట్లాడింది సాక్ష్యంగా వాడుకోకూడదు’ అన్న అవగాహనతో రాజీకి కూర్చుంటే ఆ ఒప్పుకోలు పనికిరాదు. ఇరువైపులా తెలిసిన పెద్దలు సాధారణంగా కోర్టు మెట్లెక్కడానికి ఇష్టపడరు. వాళ్ల మాట మీద కేసంతా నిలబెట్టుకోకండి.

లోక్ అదాలత్‌లో సాక్షులను విచారిస్తారా?

విచారించరు. లోక్ అదాలత్ పని రాజీ కుదర్చడమే. ఎవరిది తప్పో తేల్చే అధికారం దానికి లేదు. రాజీ కుదిరితే ఇచ్చే అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు, కోర్టులో ఉన్న కేసైతే కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది. అప్పీలు లేదన్న సంగతి సంతకం పెట్టే ముందే గుర్తుంచుకోండి. ఖాళీ చేసే తేదీ, అడ్వాన్సు తిరిగిచ్చే తేదీ రెండూ అంకెల్లో ఉండాలి.

## విచారణకు సిద్ధమయ్యేటప్పుడు

మా కేసు రెంట్ కంట్రోలర్ దగ్గరికి వెళ్తుందా, సివిల్ కోర్టుకా?

తెలంగాణలో అద్దె నియంత్రణ చట్టానికి 2005లో చేసిన సవరణ ప్రకారం నగరపాలక సంస్థల పరిధిలో నెల అద్దె రూ. 3,500, ఇతర చోట్ల రూ. 2,000 దాటిన భవనాలు ఆ చట్టం బయట ఉంటాయి. అందుకే ఇప్పుడు నగరాల్లో చాలా ఇళ్ల తగాదాలు సివిల్ కోర్టుకే వెళ్తున్నాయి. అక్కడ నెలవారీ అద్దె ఇంటికి, వేరే ఒప్పందం లేకపోతే, 15 రోజుల నోటీసు ఇవ్వాలి. రెండు చోట్లా సాక్షులను విచారిస్తారు.

సాక్షుల పేర్లు ఎప్పుడు ఇవ్వాలి?

సివిల్ దావాలో వివాదాంశాలు, అంటే కోర్టు తేల్చాల్సిన ప్రశ్నలు, ఖరారైన 15 రోజుల్లోపు జాబితా వేయాలి. ఆలస్యమైతే తగిన కారణం చూపి అనుమతి తీసుకోవాలి. అనుమతి తరచూ దొరుకుతుంది, కానీ ఒక వాయిదా పోతుంది.

సాక్షి రాసి సంతకం పెట్టిస్తే సరిపోదా? రావాలా?

రావాలి. ఇప్పుడు ముఖ్య విచారణను, అంటే సాక్షి మొదట తనంతట చెప్పేదాన్ని, అఫిడవిట్ (ప్రమాణ పత్రం) రూపంలోనే దాఖలు చేస్తారు. కోర్టు భాషలో దాన్ని చీఫ్ అఫిడవిట్ అంటారు. కానీ ఆ తర్వాత సాక్షి వచ్చి క్రాస్‌కు నిలబడాలి. నిలబడకపోతే ఆ కాగితానికి విలువ దాదాపు ఉండదు.

అఫిడవిట్ వకీలు తయారుచేస్తారు, సాక్షి సంతకం పెడతారు. గొడవంతా ఇక్కడే మొదలవుతుంది. ఏడో తరగతి చదివిన ప్లంబరు పేరు మీద సెక్షన్ నంబర్లతో నిండిన పదహారు పేరాల అఫిడవిట్ వేస్తే, క్రాస్‌లో మొదటి ప్రశ్న ‘ఇందులో ఏముందో చెప్పండి’ అని వస్తుంది. ఆయన చూసింది నాలుగు వాక్యాలైతే నాలుగే ఉండాలి. ఆయనకు తెలుగులో చదివి వినిపించి, కాదన్నది కొట్టేయించి, ఆ తర్వాతే సంతకం పెట్టించండి.

సాక్షికి ఏం చెప్పాలో ముందే నేర్పించవచ్చా?

జ్ఞాపకం చేయవచ్చు, నేర్పించకూడదు. తేదీలు చూసుకోమని పాత మెసేజీలు, ఫొటోలు ఇవ్వండి. కోర్టు ఎలా ఉంటుందో, ఎవరు ఏ ప్రశ్నలు వేస్తారో చెప్పండి. జవాబులు మాత్రం ఇవ్వకండి. ఇద్దరు సాక్షులు ఒకే వాక్యాన్ని అదే వరుసలో చెబితే బెంచీ మీద కూర్చున్నవాళ్లకు వెంటనే అర్థమవుతుంది.

వాట్సాప్ మెసేజీలు, ఫోను రికార్డింగు ఎలా పెట్టాలి?

తెరను ఫొటో తీసి ప్రింటు ఇస్తే చాలదు. అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జత చేయాలి. అందులో రెండు భాగాలు: ఒకటి ఫోనును వాడే మీరు ఇచ్చేది, రెండోది నిపుణుడు ఇచ్చేది. ఫైలు మారలేదని చూపే హ్యాష్ విలువ కూడా అందులో రాయాలి. ఫోను మార్చేస్తే చిక్కే, పాత ఫోనును అమ్మేయకండి. రికార్డింగులో గొంతు ఎవరిదో గుర్తుపట్టగల సాక్షి ఒకరు ఉండాలి.

నేను విదేశంలో ఉన్నాను. మా నాన్నగారికి జీపీఏ (నా తరఫున పనులు చేసే అధికార పత్రం) ఇచ్చాను. నా బదులు ఆయన సాక్ష్యం చెప్పవచ్చా?

ఆయనకు స్వయంగా తెలిసినంత వరకే. జీపీఏదారు తాను చేసిన పనుల గురించి చెప్పవచ్చు గానీ, జీపీఏ ఇచ్చినవారికి మాత్రమే తెలిసిన విషయాలను వారి తరఫున చెప్పలేడని 2004లో సుప్రీంకోర్టు తేల్చింది. అద్దె వసూలు చేసింది, నోటీసు ఇచ్చింది నాన్నగారైతే ఆయన సాక్ష్యం గట్టిదే. ‘నాకు ఆ ఇల్లు సొంతానికి కావాలి’ అన్నది మీ మనసులోని మాట, అది మీరే చెప్పాలి. కోర్టు అనుమతితో వీడియో ద్వారా చెప్పే వీలుంది. ఆ దరఖాస్తు ముందే వేయించండి.

సాక్షికి డబ్బులు ఇవ్వవచ్చా?

దారి ఖర్చు, రోజు భత్యం ఇవ్వాలి కూడా. దాన్నే కోర్టుల్లో బత్తా అంటారు. సమన్లు పంపాలంటే ముందు బత్తా కట్టాలి. అంతకు మించి ఇచ్చిందేదైనా క్రాస్‌లో బయటపడితే సాక్ష్యం కుప్పకూలుతుంది. సమన్లు అందుకుని కూడా రాని సాక్షికి కోర్టు వారెంటు జారీ చేయవచ్చు.

పైకప్పు కారుతోంది. చూడడానికి కోర్టు ఎవరినైనా పంపుతుందా?

అడ్వకేట్ కమిషనర్ (స్థలం చూసి రమ్మని కోర్టు పంపే వకీలు) నియామకం కోరవచ్చు. ఆయన ఇరుపక్షాలకు నోటీసిచ్చి, చూసింది రాసి, ఫొటోలతో నివేదిక ఇస్తారు. ఆ నివేదిక సాక్ష్యంలో భాగమవుతుంది. ‘ఇంట్లో ఎవరు ఉంటున్నారో కనుక్కురండి’ లాంటి పనులకు, అంటే మీ బదులు సాక్ష్యం సేకరించడానికి, కమిషనర్‌ను ఇవ్వడానికి కోర్టులు ఒప్పుకోవు. వాన కాలం దాటాక దరఖాస్తు వేస్తే పొడి గోడే నివేదికలోకి ఎక్కుతుంది.

## బోనులో

నేను బోనెక్కకుండా సాక్షులతోనే సరిపెట్టవచ్చా?

మంచిది కాదు. తన కేసును తానే ప్రమాణం చేసి చెప్పి క్రాస్‌కు నిలబడని పార్టీ గురించి, ఆ కేసు నిజం కాదని కోర్టు అనుకునే వీలుందని 1999లో సుప్రీంకోర్టు చెప్పింది. మామూలుగా పార్టీయే ముందు సాక్ష్యం చెప్పాలి, మిగతావాళ్లు తర్వాత.

క్రాస్‌లో ఏం అడుగుతారు? మా సాక్షి భయపడుతున్నారు.

మూడు రకాల ప్రశ్నలు వస్తాయి. మీతో ఉన్న సంబంధం గురించి, చూసే అవకాశం గురించి, చివర్లో వరుసగా ‘సూచనలు’. ‘మీరు ఆ రోజు అక్కడ లేరు’, ‘మీరు డబ్బు తీసుకుని అబద్ధం చెబుతున్నారు’ అంటూ. ఈ చివరివి విని సాక్షులు ఊగిపోతారు. అవి అవమానం కోసం అడిగేవి కావు. తన కక్షిదారు వాదనను సాక్షి ముందు పెట్టడం వకీలు బాధ్యత, పెట్టకపోతే సాక్షి మాటను ఒప్పుకున్నట్టు లెక్కించే ప్రమాదం ఉంది. ‘వాస్తవం కాదు’ అని నెమ్మదిగా చెబితే చాలు.

తెలియనిదానికి ‘తెలియదు’, మరిచిపోయినదానికి ‘గుర్తు లేదు’ అనాలి. ఈ రెండూ వేరు. చూడనిదాన్ని ‘గుర్తు లేదు’ అంటే ఒకప్పుడు తెలుసనే అర్థం వస్తుంది.

సాక్షి తెలుగులో చెబుతారు, ఇంగ్లీషులో టైపు చేస్తున్నారు. తేడా వస్తే?

సంతకానికి ముందే సరిచేయించుకోవాలి. ‘అప్పుడప్పుడు ఆలస్యమయ్యేది’ అన్నది ‘ఎప్పుడూ ఆలస్యమే’ అని పడితే అద్దె ఎగవేత కేసులో ఆ ఒక్క మాటే కొంప ముంచుతుంది. తనకు తెలుగులో చదివి వినిపించమని సాక్షి అడగవచ్చు. అది తప్పు కాదు, మొహమాటపడాల్సిందీ కాదు.

మా సాక్షే మాకు వ్యతిరేకంగా చెప్పాడు. ఇప్పుడేం చేయాలి?

తన సొంత సాక్షిని క్రాస్ తరహాలో ప్రశ్నించడానికి కోర్టు అనుమతి అడగవచ్చు. పాత మెసేజీలో ఆయన రాసింది వేరుగా ఉంటే అప్పుడు చూపించాలి. ఆయన చెప్పిందంతా చెత్తబుట్టలోకి పోదు. నమ్మదగిన భాగాన్ని కోర్టు తీసుకుంటుంది, అది ఎవరికి అనుకూలమైనా సరే.

అవతలి సాక్షి పచ్చి అబద్ధం చెప్పాడు. జైల్లో పెట్టించవచ్చా?

న్యాయస్థానంలో తెలిసి తప్పుడు సాక్ష్యం చెబితే భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద 7 ఏళ్ల వరకు జైలు, రూ. 10,000 వరకు జరిమానా ఉన్నాయి. కానీ ఫిర్యాదు పెట్టాల్సింది కోర్టే, మీరు కోరగలరు అంతే. రెండు మాటలు పొసగనంత మాత్రాన కోర్టులు అంత దూరం వెళ్లవు. ఆ శక్తిని క్రాస్ మీద పెట్టమని మీ వకీలుకు చెప్పండి.

## తీర్పు వచ్చాక

ఓడిపోయాం. ఇప్పుడొక మంచి సాక్షి దొరికాడు. అప్పీలులో పెట్టవచ్చా?

చాలా కష్టం. అప్పీలు కోర్టు మామూలుగా కింది కోర్టు రికార్డునే చూస్తుంది. కింది కోర్టు ఆ సాక్ష్యాన్ని తప్పుగా నిరాకరించినా, ఎంత శ్రద్ధగా వెతికినా అప్పట్లో దొరకలేదని మీరు చూపగలిగినా, తీర్పు చెప్పడానికి అది అవసరమని అప్పీలు కోర్టుకే అనిపించినా ఒప్పుకోవచ్చు. అప్పుడే అదే వీధిలో ఉన్న మనిషిని ‘ఇప్పుడు దొరికాడు’ అంటే వినరు. కింది కోర్టులో ఉన్నప్పుడే ఆయన ఊరెళ్లాడనో, ఆసుపత్రిలో ఉన్నాడనో చెప్పి వాయిదా అడిగి ఉంటే, ఆ దరఖాస్తు కాపీని అప్పీలు కాగితాలకు జత చేయించండి.